అత్తమ్మ చీర మీద కూడా కట్టుకోగల బేబీ క్యారియర్ ఏది? (చెన్నై, 5 నెలల బాబు)

నెల్లూరుపిల్ల:

అందరికీ నమస్తే. మేం వేళచ్చేరిలో ఉంటాం. మూడో అంతస్తు. లిఫ్టు ఉందంటే ఉంది, లేదంటే లేదు. బాబుకి 5 నెలలు నిండాయి, మొన్న తూచితే 6.9 కిలోలు. కింద పడుకోబెడితే రాగం, చంకెక్కితే నవ్వు. కాన్పుకి వారం ముందు దాకా ఆఫీసుకెళ్లాను కాబట్టి నా 26 వారాల సెలవులో ఇంకో మూడు వారాలే మిగిలాయి. తర్వాత పగలంతా వాణ్ణి చూసుకునేది మా అత్తమ్మే.

నేను 5 అడుగులు, సన్నం. మా ఆయన 5 అడుగుల 11 అంగుళాలు. అత్తమ్మ నా ఎత్తే గానీ కాస్త లావు, ఎప్పుడూ చీరే. ముగ్గురికీ ఒకటే క్యారియర్ సరిపోవాలి. అక్కడే వచ్చింది చిక్కు.

పోయిన నెల ఆన్‌లైన్‌లో 1,400 పెట్టి ఒకటి తెప్పించాను, ఎవరిదో చెప్పను. ఫొటోలో పిల్లాడు రాజాలా కూర్చున్నాడు. మావాడు అందులో కూర్చోలేదు, వేలాడాడు. కాళ్ల మధ్య గుడ్డ నా అరచేతి వెడల్పు కూడా లేదు. నడుం పట్టీ చివరిదాకా లాగినా లోపలికి పిడికిలి దూరుతోంది, దాంతో బరువంతా భుజాల మీదే. పావుగంటకి మెడ పట్టేసింది. వీపు మీద రెండు భుజం పట్టీల్నీ కలిపే చిన్న బకిల్ ఉంటుంది చూడండి, అది నా చేతికి అందదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టి పెట్టించుకున్నా. తీయించుకోడానికి మళ్లీ వెళ్లా. రెండోసారి ఆవిడ కాఫీ కూడా ఇచ్చింది.

సరే అని సీటు వెడల్పుగా ఉండేవి వీడియోల్లో వెతికి అత్తమ్మకి చూపించా. "ఏందమ్మే ఇది, కప్పని గోడకి అతికించినట్టు! కాళ్లు అట్ట ఎడంగా పెడితే పిలకాయకి దొడ్డికాళ్లు రావా?" అనింది. నాకూ జవాబు తెలీదు.

6,000 దాకా పెట్టగలను. ఈ చెన్నై చెమటకి మెష్ మంచిదా, కాటనా, లినెనా? ఆపరేషన్ కుట్ల మీద పట్టీ నొక్కకుండా ఉండేది ఉందా? అత్తమ్మకి చీర మీద కుదురుతుందా? స్ట్రోలర్ వాడమని మాత్రం చెప్పకండి. మా స్టేషన్ మెట్లు ఒకసారి ఎక్కించి దించాక అది ఇంట్లో ఉల్లిపాయల బండి అయిపోయింది.

ఇద్దరుపిల్లలతల్లి:

మా స్ట్రోలర్ బియ్యం బస్తా మోసింది లెండి.

తిరువాన్మియూర్‌లో ఇద్దర్ని ఇలాగే మోసి పెంచాను, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను. కంపెనీ సంగతి తర్వాత, ముందు మీ ఒళ్లు చూసుకోండి. ఐదడుగుల మనిషికి క్యారియర్ కుదరకపోతే తప్పు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి నడుం పట్టీ. ఎంత లావు దాకా సరిపోతుందో అందరూ రాస్తారు, ఎంత సన్నం దాకా బిగుస్తుందో రాయరు. కొనేముందు అమ్మేవాళ్లని కనీసం ఎన్ని అంగుళాలో అడగండి. రెండోది భుజం పట్టీలు. మీరు చెప్పింది స్కూలు బ్యాగులా రెండూ తిన్నగా దిగే రకం. ఆ బకిల్‌ని మెడ దగ్గరికి జరిపి, పట్టీలు బాగా వదులు చేసుకుని, పెట్టేశాక కిందికి లాక్కుని అప్పుడు బిగిస్తే కొందరికి అందుతుంది. నాకు అలా కూడా అందలేదు. పట్టీలు పూర్తిగా ఊడదీసి వీపు మీద ఇంటూ గుర్తులా వేసుకునే రకం చూడండి. ఆ వెనక బకిల్ గొడవే ఉండదు, సన్నటి భుజాల మీంచి జారదు. నా మెడనొప్పి పోయింది దాంతోనే.

సీటు విషయానికి వస్తే, ఒక మోకాలి వెనక మడత నుంచి ఇంకో మోకాలి వెనక మడత దాకా గుడ్డ ఆనాలి. అంతకంటే వెడల్పుంటే కాళ్లు చీలదీసినట్టు అవుతుంది, తక్కువుంటే మీవాడిలా వేలాడుడే. సీటు వెడల్పు తగ్గించి పెంచుకునే రకాలున్నాయి, కొన్నిటికి వెల్క్రో, కొన్నిటికి తాడు. 5 నెలల వాడికి కొంటున్నారు కాబట్టి అది లేనిది కొనకండి, ఏడాది తిరిగేసరికి చాలదు.

గుడ్డ. మా పెద్దాడికి మందపాటి కాటన్ కాన్వాస్‌ది కొన్నాను, అదీ మే నెలలో. ఇక్కడివాళ్లు కత్తిరి అంటారే, మన కర్తరి, సరిగ్గా ఆ రోజులు. టీ నగర్‌లో రంగనాథన్ వీధి ఈ చివర దిగి ఆ చివర తేలేలోపు వాడి పొట్టా నా పొట్టా ఎవరిది ఎవరిదో తెలీనట్టు అతుక్కుపోయాయి. చిన్నదానికి మెష్ కొన్నాను. జాలీ ఉన్నచోట గాలి ఆడుతుంది, నిజమే. కానీ నడుం పట్టీలో ఉండేది ఫోమ్, అది చెమట తాగి కూర్చుంటుంది. నవంబరు వానల్లో ఉతికితే రెండు రోజులైనా ఆరలేదు. చివరికి లినెన్ కలిసిన కాటన్‌ది దొరికింది. రాత్రి ఉతికి ఫ్యాను కింద వేస్తే పొద్దున్నకి ఆరుతుంది. ఏ గుడ్డైనా రెండు ఒళ్లు ఆనుకున్నచోట చెమట తప్పదు, చల్లగా ఉంచుతుందన్న మాట నమ్మొద్దు. క్యారియర్‌ని కూడా ఒక చొక్కా కింద లెక్కేసుకోండి. బాబుకి పల్చటి జుబ్బా ఒక్కటి చాలు. మధ్యమధ్య వాడి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, వేడిగా చెమటగా ఉంటే నీడలోకెళ్లి దించేయండి.

అత్తగారికి మొదటిసారి బాబుతో కట్టకండి. నేను ముందు 5 కిలోల సోనా మసూరి సంచితో నేర్చుకున్నా. అది ఏడవదు.

అడయార్‌ఫిజియో:

నేను ఫిజియోథెరపిస్టుని. దొడ్డికాళ్ల గురించి నాలుగు మాటలు. మీ అత్తగారు కనిపెట్టింది అబద్ధం కాదు, కారణమే వేరు. పిల్లలందరూ పుట్టేదే కాస్త వంకర కాళ్లతో, కడుపులో ముడుచుకుని ఉంటారు కాబట్టి. ఏడాదిన్నర, రెండేళ్లకి అవే తిన్నగా అవుతాయి. మూడు నాలుగేళ్లప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా లోపలికి వంగుతాయి, మళ్లీ సర్దుకుంటాయి. ఎత్తుకోవడం వల్ల రావు. రెండేళ్లు దాటినా వంకర తగ్గకపోయినా, ఒక కాలే వంగినా డాక్టర్‌కి చూపించాలి, విటమిన్ డి లోపం వల్ల కూడా ఎముక వంగుతుంది. ఏడాది దాకా రోజూ 400 యూనిట్ల డి చుక్కలు వేయమంటారు, మీ పిల్లల డాక్టర్ రాసే ఉంటారు. మానకండి.

ఎడంగా పెట్టడం కాదు, దగ్గరగా తిన్నగా వేలాడదీయడమే నష్టం. మొదటి ఆరు నెలలు తుంటి కీలు ఇంకా మెత్తగా ఉంటుంది. తొడలకి ఆసరా ఉండి, మోకాళ్లు పిర్రల కంటే కాస్త పైకి ఉంటే తొడ ఎముక గుండు గిన్నెలో కుదురుగా ఉంటుంది. హిప్ డిస్‌ప్లేసియా అంటే తుంటి కీలు సరిగా కుదరకపోవడం, దాని మీద పనిచేసే అంతర్జాతీయ హిప్ డిస్‌ప్లేసియా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పేదీ ఈ కూర్పే. మీ అత్తగారు మీ ఆయన్ని చంకనేసుకుని తిప్పినప్పుడు కాళ్లు ఎలా ఉండేవో ఆవిణ్ణే అడగండి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మన దగ్గరున్నదే వీడియోల్లో వెతుక్కుంటున్నాం.

ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం. గడ్డం రొమ్ముకి ఆనకూడదు, మధ్యలో రెండు వేళ్లు పట్టాలి. ముఖం ఎప్పుడూ కనబడాలి, మీరు తల వంచితే వాడి నెత్తిన ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి. అమెరికాలో 2010లో వినియోగదారుల భద్రతా సంస్థ స్లింగులపై (భుజానికి జోలెలా వేసుకునే గుడ్డ రకం) హెచ్చరించింది ఇందుకే, ముఖ్యంగా 4 నెలల లోపు పిల్లల గురించి. మీవాడు ఆ వయసు దాటాడు గానీ నిద్రపోయాక మెడ వాలుతుంది, చూస్తూ ఉండాలి. ముఖం బయటికి తిప్పి కూర్చోబెట్టేది ఇప్పుడే వద్దు.

కుట్ల మీద నొక్కితే పట్టీని పైకి, పక్కటెముకల కిందికి కట్టుకోండి. బాబు కూడా ముద్దు ఎత్తుకి వస్తాడు. ఇంకా నొప్పి ఉంటే కాన్పు చేసిన డాక్టర్‌ని అడగండి. అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయా? ఉంటే మెట్ల మీద వద్దే వద్దు. ముందు బిడ్డ ఉంటే మన పాదాలు మనకే కనబడవు.

పెరంబూర్‌నాన్న:

ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. క్యారియర్‌లో పిల్లాణ్ణి కట్టుకుని స్కూటర్ ఎక్కకండి. మా వీధిలో రోజుకి ఇద్దర్ని చూస్తాను. బ్రేకు పడితే మధ్యలో నలిగేది వాడే. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం 4 ఏళ్ల లోపు పిల్లలకి బండి మీద సేఫ్టీ హార్నెస్ ఉండాలి, 9 నెలల నుంచి 4 ఏళ్ల దాకా హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఈ బకిల్ సంచి ఆ హార్నెస్ కాదు. కార్లో కూడా ఇది కార్ సీటుకి బదులు కాదు.

ఇంకోటి, మీ ఆయన్ని ముందే లెక్కలోకి తీసుకోండి. మా ఇంట్లో నా కొలతకి పట్టీలు పెంచితే మా ఆవిడ, ఆవిడ తగ్గిస్తే నేను. రోజూ యుద్ధం. చివరికి నా కొలత దగ్గర పట్టీ మీద ఎర్ర దారంతో, ఆవిడ కొలత దగ్గర పచ్చ దారంతో కుట్టు వేశాం.

నెల్లూరుపిల్ల:

స్కూటర్ సంగతి మా ఆయనకి బయటికే చదివి వినిపించా. ఏమీ మాట్లాడలేదు, అంటే మనసులో ఏదో ఉండింది. అడయార్‌ఫిజియో గారూ, మీ మాట విన్నాక అత్తమ్మ, "మా వాణ్ణి అట్టనే గదా ఎత్తుకునింది" అని నవ్వింది. ఆమెకి ఎడమ మోకాలు నొప్పి ఉంది. మెట్లు మా లెక్కలోంచి తీసేశాం.

ఇద్దరుపిల్లలతల్లి గారూ, చీర?

ఇద్దరుపిల్లలతల్లి:

మా అమ్మకి కట్టాను కాబట్టి చెప్తున్నా. కాటన్ చీర అయితే పట్టీ పట్టుకుంటుంది, సిల్కూ సింథటిక్కూ జారుతూనే ఉంటాయి. పట్టీ కుచ్చిళ్ల పైన, నడుముకి పైగా రావాలి. కుచ్చిళ్ల మీదే కడితే బరువుకి చీర లాగేస్తుంది, నడిహాల్లో ఊడొచ్చినంత పనవుతుంది. పైట ముందు నుంచి తిప్పి నడుములో దోపాక కట్టండి, లేకపోతే బకిల్ నోట్లో పడి చిరుగుతుంది. భుజం మీద పిన్నీసు తీసేయండి, సరిగ్గా అక్కడికే వస్తుంది పిల్లాడి చెంప. నల్లపూసలు, తాళి గొలుసు జాకెట్టు లోపలికి వేసుకోమనండి. మా చిన్నది నల్లపూసలు రెండుసార్లు తెంపింది.

పొయ్యి దగ్గరికి మాత్రం కట్టుకుని పోవద్దు. కిందపడ్డది తీయాలంటే నడుం వంచకుండా మోకాళ్లు వంచాలి. ఆవిడ మోకాలికి అదీ కష్టం, పడ్డది పడి ఉండనీండి.

నెల్లూరుపిల్ల (నెల తర్వాత):

ఎలా అయిందో చెప్పకపోతే బాగోదని వచ్చా.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే రెండో అంతస్తులో ఒకళ్ల దగ్గర లినెన్ కాటన్‌ది, సీటు సర్దుకునేది, ఇంటూలా వేసుకునేది ఉందని తేలింది. రెండు రోజులు అరువు తెచ్చుకున్నా. ముందు సోనా మసూరి, తర్వాత బాబు. సాయంత్రం ఆరింటికి, కరెంటు పోయినప్పుడే, కావాలనే 20 నిమిషాలు వరండాలో తిరిగా. చెమట పట్టింది, మెడ పట్టలేదు. అదే రకం కొత్తది 5,200కి కొన్నాం. పట్టీ నాకు బిగించాక తోక మూరెడు మిగులుతోంది, దాన్ని చుట్టి పెట్టుకునే ఎలాస్టిక్ ఉంది. ఎర్ర దారం, పచ్చ దారం కుట్టాం. అత్తమ్మ వంతు పసుపు.

లోపం లేదని కాదు. నేల మీద కూర్చుంటే నడుం పట్టీలో ఫోమ్ పైకి లేచి పొట్టలో పొడుస్తుంది, అత్తమ్మకి మరీనూ. కాబట్టి ఆమె వాడేది ఒక్క పనికే: పదకొండింటికి వాడికి నిద్రొచ్చి ఏడ్చేటప్పుడు కట్టుకుని హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరగడం. వాడు పడుకున్నాక మంచం మీదకి మార్చేస్తుంది. మార్చడం మాత్రం నాకంటే బాగా వచ్చు, వాడు కదలడు. స్టేషన్ మెట్లు నేనూ మా ఆయనే. ఆదివారాలు బీసెంట్ నగర్ బీచ్‌కి ఆయనే మోస్తాడు, ఇసకలో చక్రాల గొడవ లేదు.

సోమవారం ఆఫీసులో మొదటి రోజు. పదకొండున్నరకి ఆగలేక ఇంటికి ఫోన్ చేశా, ఎత్తలేదు. మళ్లీ చేశా, ఎత్తలేదు. మూడోసారి నొక్కబోతుంటే వాట్సాప్‌లో గుసగుసగా వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఇప్పుడే కునుకు పట్టిందమ్మే, రొమ్ము మీదే ఉండాడు. ఫోన్ చేయబాక."