బరువు తగ్గాక ముఖం జారిపోయింది: 49 ఏళ్ల వయసులో హైఫు చేయించుకోవచ్చా?

కర్నూలు ఉపాధ్యాయిని అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఉంటూ కోడుమూరు వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం షుగరు బయటపడినప్పుడు వైద్యులు బరువు తగ్గమన్నారు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటూ, తెల్లవారుజామున నడుస్తూ ఏడాదిన్నరలో 13 కిలోలు తగ్గాను. మూడు నెలల షుగరు సగటు ఇప్పుడు 6.7 దగ్గర నిలిచింది. ఒళ్లు తేలికపడింది గాని ముఖం మాత్రం దిగిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి, ముక్కు పక్క నుంచి పెదవి కొస వరకు గీత లోతుగా పడింది, దవడ కింద చర్మం కొద్దిగా వేలాడుతోంది. నెలసరి కూడా నిరుడే ఆగిపోయింది. ఎవరు ఎదురైనా "ఏం మేడమ్, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతున్నారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత ఆరోగ్యంగా ఉన్న సమయంలో ఈ మాట వినవలసి రావడం నాకు నిజంగా బాధగా ఉంది.

ఊళ్లోనే ఒక క్లినిక్‌కు వెళ్లాను. కత్తి పెట్టకుండా హైఫు అనే యంత్రంతో ముఖం బిగిస్తామని, ఒక్క సిట్టింగ్‌తోనే పదేళ్లు తగ్గినట్లు కనిపిస్తారని, దానికి 45,000 రూపాయలు అవుతుందని, నెలాఖరులోగా మొత్తం కడితే 30,000కే చేస్తామని చెప్పారు. మావారు "నీకు మంచిదనిపిస్తే చేయించుకో" అన్నారు. డబ్బు కూడబెట్టుకున్నాను, దాని గురించి దిగులు లేదు. ఉన్న ముఖం ఇంకా పాడవుతుందేమోనన్నదే నా భయం. చేయించుకున్నవారు, తెలిసినవారు చెప్పగలరా?

అనంతపురం నుంచి ఒక అక్క:

చెల్లెమ్మా, నాకు 52 ఏళ్లు. రెండేళ్ల క్రితం బెంగళూరులో హైఫు చేయించుకున్నాను, కాబట్టి నాకు జరిగింది జరిగినట్లు చెబుతాను. ముఖానికి మత్తు క్రీము రాసి ముప్పావు గంట ఉంచారు, ఆ తరువాత చల్లటి జెల్ పూసి పరికరాన్ని గదుమ నుంచి చెవి వైపుగా వరుసలు వరుసలుగా జరుపుతూ వచ్చారు. బుగ్గ మీద చిన్న చురుకులా అనిపించింది గాని దవడ ఎముక మీదికి వచ్చేసరికి పన్ను నరం లాగినంత నొప్పి పుట్టి, రెండుసార్లు ఆపమని అడగవలసి వచ్చింది. సాయంత్రం వరకు ముఖం ఎర్రగా ఉంది, మూడు రోజులు కాస్త ఉబ్బింది. గదుమకు ఎడమ పక్కన మూడు వారాల పాటు మొద్దుబారినట్లు ఉండి తరువాత సర్దుకుంది. అలా జరగవచ్చని ముందే చెప్పి ఉంటే నేను అన్ని రాత్రులు భయంతో గడిపేదాన్ని కాదు.

మొదటి నెల అద్దంలో ఏ తేడా కనిపించక మోసపోయాననుకున్నాను. మూడో నెలలో దవడ గీత స్పష్టపడింది. పదేళ్లు తగ్గినట్లు కాదు, బాగా నిద్రపోయి లేచిన రోజున ఉండే ముఖంలా ఉంది, అంతే. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ తేడా చాలావరకు పోయింది. అయినా నేను పశ్చాత్తాపపడటం లేదు. అయితే నా ముఖం మొదటి నుంచీ నిండుగా, బుగ్గలతో ఉండేది. మీరు రాసినది చదివితే మీ సంగతి నాకు వేరుగా తోస్తోంది.

కడప నుంచి ఒక చర్మవైద్యుడు:

అనంతపురం సోదరి చివర అన్న మాటే ఇక్కడ అసలు విషయం. ముఖం జారడానికి కారణం అందరిలో ఒకటే కాదు. చర్మం సాగిపోవడం ఒకటి, దాని కింద ఉండే కొవ్వు తగ్గి చర్మానికి ఆధారం లేకపోవడం మరొకటి. మీకు రెండూ ఉన్నట్లున్నాయి. నెలసరి ఆగిన తొలి అయిదేళ్లలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే మాంసకృత్తు సుమారు 30 శాతం తగ్గుతుంది, అందువల్ల చర్మం పలచబడి వదులవుతుంది. 13 కిలోల బరువుతో పాటు బుగ్గల్లోని కొవ్వు కూడా పోయింది.

హైఫు అల్ట్రాసౌండ్ తరంగాలను చర్మం కింద ఒక్కో బిందువు దగ్గర కేంద్రీకరించి అక్కడ 60 నుంచి 70 డిగ్రీల వేడి పుట్టిస్తుంది. 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల లోతులకు పరికరానికి తగిలించే వేర్వేరు కార్ట్రిడ్జులు ఉంటాయి. 4.5 మిల్లీమీటర్లది ముఖ కండరాలను కప్పి ఉండే పొరను చేరుతుంది, ముఖం బిగించే శస్త్రచికిత్సలో సర్జన్లు బిగించేది కూడా ఆ పొరనే. ఆ వేడికి పాత కొలాజెన్ ముడుచుకుని, మానే క్రమంలో కొత్తది పుడుతుంది. ఫలితం రెండు మూడు నెలలకు గాని కనిపించకపోవడానికి కారణం ఇదే. కాని ఆ బిందువు కొవ్వు పొరలో పడితే కొవ్వు కూడా కరగవచ్చు. నిండు ముఖానికి అది మేలే చేయవచ్చు గాని, ఇప్పటికే లోతుపడిన బుగ్గల మీద చేస్తే మనిషి ఇంకా నీరసించినట్లు కనిపిస్తుంది. మిమ్మల్ని సరిగా పరీక్షించకుండానే ముఖమంతటికీ ఒకే ధర చెప్పారంటే నాకు ఆందోళనగా ఉంది.

యంత్రాల విషయం కూడా చెప్పాలి. ఈ తరహా పరికరం ఒకదానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2009లో కనుబొమలు ఎత్తడానికి, 2012లో గదుమ కింది భాగానికి, మెడకు అనుమతి ఇచ్చింది. చికిత్స చేసేటప్పుడు లోపలి పొరలు తెర మీద కనిపించడం దాని ప్రత్యేకత. హైఫు పేరుతో అమ్ముడయ్యే యంత్రాలన్నింటికీ ఆ సదుపాయం లేదు, అనుమతీ లేదు. తెర లేనప్పుడు అంతా చేసేవారి అనుభవం మీదనే ఆధారపడి ఉంటుంది. దవడ అంచున వెళ్లే నరం దెబ్బతింటే కింది పెదవి కొన్ని వారాల పాటు వంకరగా ఉండవచ్చు.

బుగ్గల లోతుకు హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్, అంటే సూదితో ఎక్కించి లోతును నింపే జెల్, ఎక్కువ సరిపోతుంది, ఏడాది అటూ ఇటూ నిలుస్తుంది. అందులోనూ ప్రమాదం లేకపోలేదు. అది రక్తనాళంలోకి వెళితే చర్మం కుళ్లవచ్చు, చాలా అరుదుగా చూపు కూడా పోయింది. కనుక దాన్ని కరిగించే హయలురోనిడేజ్ మందు దగ్గర ఉంచుకోని చోట ఫిల్లర్ వేయించుకోకండి. బొటాక్స్ ఇంజెక్షను నుదురు వంటి చోట్ల ముడతలకే గాని జారిన చర్మాన్ని ఎత్తదు. చర్మం లోపల దారాలు వేసి పైకి లాగే పద్ధతి కూడా ఉంది గాని, ఆ దారాలు మీ పలచని చర్మం కింద బయటికి తెలిసిపోయే అవకాశం ఉంది.

చేసేవారికి చర్మవ్యాధులలో ఎం.డి. లేదా ప్లాస్టిక్ సర్జరీ అర్హత, ఆంధ్రప్రదేశ్ వైద్య మండలి రిజిస్ట్రేషను ఉన్నాయేమో అడగండి. మీ షుగరు అదుపులోనే ఉంది, అది అడ్డంకి కాదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఇటువంటి యంత్రాల జోలికి వెళ్లకూడదు.

కర్నూలు నుంచి మరొకరు:

మా చెల్లెలు ఒక బ్యూటీ పార్లరులో ఇలాంటి యంత్రంతోనే చేయించుకుంది. చెంప మీద గీతలా కాలి, ఆ మచ్చ నల్లగా ఎనిమిది నెలలు నిలిచిపోయింది. మన చామనఛాయ చర్మం కాలితే మచ్చ అంత తొందరగా వదలదు. చివరికి పెద్దాసుపత్రి చర్మ విభాగంలో చూపిస్తే తగ్గింది. దయచేసి తొందరపడకండి, మేడమ్.

కర్నూలు ఉపాధ్యాయిని:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని నిన్న ఆ క్లినిక్‌కు ఫోను చేశాను. వైద్యులు వారానికి ఒక్కరోజే హైదరాబాదు నుంచి వస్తారని, యంత్రం పట్టేది శిక్షణ పొందిన అమ్మాయని, యంత్రం పేరు నేను వెళ్లినప్పుడు చెబుతామని అన్నారు. డబ్బు కట్టడం లేదని చెప్పేశాను. వచ్చే వారం సెలవు పెట్టి ముందు పెద్దాసుపత్రి ఓపీలో చూపించుకుంటాను. డాక్టరు గారూ, ఇంకొక్క సందేహం. నా బరువు ఇంకా నెలకు అరకిలో చొప్పున తగ్గుతూనే ఉంది. ఫిల్లర్ ఇప్పుడే వేయించుకోవచ్చా?

కడప నుంచి చర్మవైద్యుడు:

ఇప్పుడే వద్దమ్మా. బరువు ఒక చోట నిలిచి కనీసం ఆరు నెలలు కానివ్వండి, లేకపోతే ఇవాళ నింపిన చోట మళ్లీ లోతు పడుతుంది. ఈలోగా పప్పు, గుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తులు తగినంత తినండి. బస్సులో కిటికీ పక్కన కూర్చునేటట్లయితే అద్దం మూసి ఉన్నా కొలాజెన్‌ను దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలు లోపలికి వస్తాయి కనుక, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ ఉదయం ఒకసారి, మధ్యాహ్నం భోజన విరామంలో మరోసారి రాసుకోండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బరువు తగ్గక ముందు తీసిన ఫొటో ఒకటి వెంట తీసుకుపోండి. ఎక్కడ ఎంత కొవ్వు పోయిందో అది చూస్తే వారికి తెలుస్తుంది.