సైకిల్ సంస్థలో డైరెక్టర్, అధ్యక్షులు, వర్క్‌షాప్ ఇన్‌చార్జ్ ఒకే నెలలో మారుతున్నారు. ముందు ఏది మార్చాలి?

ఆదివారం_సవారీ అడిగారు:

అందరికీ నమస్కారం. బెంగళూరులో కె.ఆర్.పురం వైపు పనిచేసే ఒక సైకిల్ స్వచ్ఛంద సంస్థ తరఫున అడుగుతున్నాను. అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో మూలపడ్డ సైకిళ్ళు తెచ్చి, బాగుచేసి ప్రభుత్వ బడి పిల్లలకు ఇస్తుంది. ఆడవాళ్ళకు సైకిల్ నేర్పిస్తుంది. కర్ణాటక సొసైటీల చట్టం కింద నమోదైన సంస్థ, జీతం మీద 12 మంది ఉన్నారు. 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు నమోదు), 80జీ (దాతలకు పన్ను రాయితీ), విదేశీ విరాళాల అనుమతి ఉన్నాయి. రెండు కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద కంపెనీలు ఇచ్చే) డబ్బు కూడా వస్తుంది.

ఎనిమిదేళ్ళుగా ఉన్న ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఆగస్టు ఆఖరున వెళ్తున్నారు. వర్క్‌షాప్ ఇన్‌చార్జ్ సెప్టెంబర్ మధ్యలో మానేస్తున్నారు. సెప్టెంబర్‌లోనే సర్వసభ్య సమావేశం, అందులో అధ్యక్షులు, కోశాధికారి ఇద్దరూ మారతారు. ప్రస్తుతం చెక్కుల మీద సంతకాలు పాత అధ్యక్షులవి, పాత డైరెక్టర్‌వి. కొత్త డైరెక్టర్ ఖరారయ్యారు.

ఏది ముందు, ఏది తర్వాత? పాత డైరెక్టర్‌ను అలాగే కార్యవర్గంలోకి తీసుకుందామని కొందరు అంటున్నారు. అది మంచిదేనా?

పద్దుల_పుస్తకం జవాబు:

ముందుగా ఒక మాట. ఈ మూడు మార్పులూ ఒకే నెలలో పడనివ్వకండి. వర్క్‌షాప్ ఇన్‌చార్జ్‌ని అక్టోబర్ ఆఖరు దాకా ఉండమని, అవసరమైతే వారానికి మూడు రోజులైనా రమ్మని ఇప్పుడే అడగండి. కొత్త డైరెక్టర్, కొత్త కోశాధికారి, కొత్త ఇన్‌చార్జ్ ముగ్గురూ ఒకేసారి కూర్చుంటే, సందేహం వచ్చినప్పుడు అడగడానికి మనిషే ఉండరు.

సంతకాల సంగతి. డైరెక్టర్ వెళ్ళేలోపు, అంటే ఆగస్టు మొదటి వారంలోనే కార్యవర్గం కూర్చుని తీర్మానం చేయాలి. సర్వసభ్య సమావేశం దాకా ఆగితే సెప్టెంబర్ జీతాలు ఆగిపోతాయి. తీర్మానంలో మూడు విషయాలు విడివిడిగా రాయండి: ఫలానా వారి సంతకాధికారం ఫలానా తేదీతో రద్దు, ఫలానా వారికి ఫలానా తేదీ నుంచి అధికారం, సంతకం ఒక్కరు చేస్తే చాలా లేక ఇద్దరు కలిసి చేయాలా. చాలామంది రెండోదే రాసి మొదటిది వదిలేస్తారు. అప్పుడు పాతవారి పేరు బ్యాంకు రికార్డులో అలాగే ఉండిపోతుంది. సమావేశంలో అధ్యక్షులు మారాక మళ్ళీ ఇంకో తీర్మానం కావాలి కాబట్టి, ఈ మధ్యకాలానికి పదవీకాలం మిగిలి ఉన్న కార్యవర్గ సభ్యుడొకరిని, కొత్త డైరెక్టర్‌ను పెట్టుకుంటే ఒక విడత తిరుగుడు తప్పుతుంది. పాత డైరెక్టర్ సంతకంతో బయటికి వెళ్ళి ఇంకా బ్యాంకులో పడని చెక్కుల జాబితా నంబర్లతో సహా రాసిపెట్టుకోండి.

అసలు చిక్కు ఓటీపీలతో వస్తుంది. నెట్ బ్యాంకింగ్, ఆదాయపన్ను పోర్టల్, దర్పణ్ పోర్టల్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ సైట్), విరాళాలు తీసుకునే పేమెంట్ గేట్‌వే, వెబ్‌సైట్ డొమైన్, బయట గోడకు అతికించిన యూపీఐ క్యూఆర్ కోడ్, ఇవన్నీ ఏ ఫోన్ నంబర్‌కు కట్టి ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. సగానికి సగం పాత డైరెక్టర్ సొంత నంబరే కనిపిస్తుంది. సంస్థ పేరు మీద ఒక సిమ్ తీసుకుని, ఆయన ఆఫీసులో ఉండగానే ఒక్కొక్కటీ దానికి మార్చండి. పాత నంబర్‌కు వచ్చే ఓటీపీ లేకుండా కొత్త నంబర్ ఎక్కదు కదా, అందుకే ఆయన ఉండాలి.

ఆదాయపన్ను పోర్టల్‌కు గడువుంది. ఆడిట్ రిపోర్టు 10బీ గానీ 10బీబీ గానీ సాధారణంగా సెప్టెంబర్ 30కి, రిటర్ను ఐటీఆర్-7 అక్టోబర్ 31కి పడాలి. కొత్త మనిషి డిజిటల్ సంతకం ముందు వారి సొంత లాగిన్‌లో నమోదు కావాలి, ఆ తర్వాతే సంస్థ లాగిన్‌లో ప్రధాన వ్యక్తిగా పేరు మారుతుంది. ఇది తిరగేసి చేయబోయి వారం రోజులు పోగొట్టుకుంటారు. మీకు తేలికైన దారి ఒకటుంది: ఈ ఏటి రిపోర్టూ రిటర్నూ ఆగస్టులోనే పాత సంతకంతో ముగించేయండి.

సర్వసభ్య సమావేశం అయిన 14 రోజుల్లోపు కొత్త కార్యవర్గం పేర్లు, చిరునామాలు, వృత్తులు, ఆడిటైన జమాఖర్చులతో కలిపి జిల్లా సొసైటీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. అది సహకార శాఖ కింద ఉంటుంది. ఈ జాబితా పడకపోతే రేపు బ్యాంకు కూడా మీ తీర్మానాన్ని పక్కన పెడుతుంది.

కాటర్_పిన్ను జవాబు:

డైరెక్టర్ గురించి అందరూ చెప్తారు, నేను వర్క్‌షాప్ గురించి రాస్తాను. సంస్థ పేరు నిలిచేది అక్కడి నుంచి బయటికెళ్ళే సైకిల్ మీదే.

ఇన్‌చార్జ్ వెళ్ళేముందు ఒక శనివారం షట్టర్ వేసి సరుకు లెక్క పెట్టండి. ఆయన, ఆయన స్థానంలో వచ్చేవారు, కార్యవర్గం నుంచి ఒకరు, ముగ్గురూ ఉండాలి. సైకిళ్ళకు నాలుగు రంగుల ట్యాగులు కట్టండి: ముట్టనివి, పనిలో ఉన్నవి, ఇవ్వడానికి సిద్ధమైనవి, విడిభాగాలకే పనికొచ్చేవి. ప్రతిదానికీ ఫ్రేమ్ నంబర్ రిజిస్టర్‌లో ఎక్కాలి. అది ఎక్కువగా పెడల్ ఇరుసు కింద కొట్టి ఉంటుంది, మట్టి గీకితే కనిపిస్తుంది. ఎవరిచ్చారో వారి సంతకంతో చిన్న కాగితం కూడా జతచేయండి. రేపు ఎవరైనా ఇది దొంగబండి అంటే చూపించడానికి అదే ఆధారం.

తర్వాత సైజులు. ఇది ఇన్‌చార్జ్ తలలో ఉంటుంది, కాగితం మీద ఉండదు. కొట్టుకు ఫోన్ చేసి "26 టైర్లు ఇరవై పంపండి" అంటే సగం వెనక్కి వెళ్తాయి. పాత లేడీస్ సైకిల్‌కు 26 × 1⅜, లావు టైర్ల మౌంటెన్ సైకిల్‌కు 26 × 2.125. పేరుకు రెండూ 26, రిమ్ములు మాత్రం వేరు: మొదటిది 590 మిల్లీమీటర్లు, రెండోది 559. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. పాత నల్ల సైకిల్‌ది 28 × 1½, అది 635. టైరు పక్కన 37-590 లాంటి అంకె అచ్చై ఉంటుంది, ఆర్డర్ ఎప్పుడూ ఆ అంకెతోనే రాయించండి. చైన్ కూడా అంతే. గేర్లు లేని బండికి ½ × ⅛, గేర్ల బండికి సన్నది. సన్న చైన్ వెడల్పు పళ్ళ మీద కూర్చోదు. బేరింగ్ బాల్స్ సాధారణంగా ముందు హబ్‌కు (చక్రం నడిమి భాగం) 3/16 అంగుళం, పక్కకు పది. వెనక హబ్‌కు ¼, పక్కకు తొమ్మిది. పెడల్ ఇరుసుకు ¼, పక్కకు పదకొండు. ఈ పట్టిక పెద్ద అక్షరాలతో గోడకు అతికించాలి.

కుర్రవాళ్ళకు పని అప్పగించే పద్ధతి: ఒక్కొక్కరూ ఐదేసి సైకిళ్ళు మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చేయాలి, ఇన్‌చార్జ్ చేతులు కట్టుకుని చూడాలి. ఆ ఐదింటిలో ఒకటి వీల్ బెండ్ తీసేది, ఒకటి గేర్లది, ఒకటి తప్పకుండా కాటర్ పిన్నుల బండి అయి ఉండాలి. కాటర్ పిన్ను అంటే పెడల్ చేతిని ఇరుసుకు బిగించే పిన్ను, దాన్ని నేరుగా సుత్తితో కొడితే మర చెడుతుంది. నట్టు సగం వదులు చేసి, కింద గొట్టం ఆన్చి కొట్టాలి, లేదా ప్రెస్ వాడాలి. రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో వెళ్ళాలి. ఒకటి తిరగేస్తే పెడల్ చేతులు ఒకే గీతలో నిలబడవు, తొక్కేటప్పుడు వంకరగా తెలుస్తుంది. కొత్త పిన్ను కొన్ని రోజులు తొక్కాక ఒదుగుతుంది, అప్పుడు నట్టు మళ్ళీ బిగించాలి. అందుకే బడికి ఇచ్చిన రెండు వారాలకు మళ్ళీ వెళ్ళి చూసే తేదీ రిజిస్టర్‌లో ముందే రాసిపెట్టుకోండి. ఇన్‌చార్జ్ మారినప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేది ఈ రెండో చూపే.

ఇంకొకటి. "సిద్ధం" ట్యాగు మీద సంతకం ఎవరిదో డైరెక్టర్ రాతపూర్వకంగా చెప్పాలి. ఇన్‌చార్జ్ వెళ్ళిన మర్నాటి నుంచి బ్రేకులు చూసి సంతకం పెట్టే మనిషి ఒకరుండాలి. అది తేలేదాకా ఒక్క బండీ బయటికి పోకూడదు. తొక్కేది పిల్లలు.

మహదేవపుర_వలంటీర్ జవాబు:

పాత డైరెక్టర్‌ను కార్యవర్గంలోకి తీసుకోవడం గురించి: వెంటనే వద్దు. ఏడాది ఆగండి. కార్యవర్గంలో ఉంటే ఆయన కొత్త డైరెక్టర్‌కు పైవాడవుతాడు. సిబ్బంది చిన్న విషయానికీ ఆయనకే ఫోన్ చేస్తారు. కొత్తవారు సగం నిర్ణయాలు తీసుకోలేక ఆరు నెలల్లో విసిగిపోతారు. ఆయన అనుభవం కావాలంటే మూడు నెలలకు సలహాదారుగా, వారానికి ఇన్ని గంటలని, ఫలానా పనులకని రాసుకోండి. సంతకం, పాస్‌వర్డు ఏవీ ఆయన దగ్గర ఉండకూడదు.

ఇద్దరు డైరెక్టర్లు కలిసి పనిచేసే కాలం రెండు మూడు వారాలు చాలు. అంతకంటే పెంచితే మాట ఎవరిది చెల్లుతుందో సిబ్బందికి తెలియదు. ఆ వారాల్లో ఆఫీసులో కూర్చోబెట్టకండి. సీఎస్ఆర్ కంపెనీల దగ్గరికి, బడుల హెడ్మాస్టర్ల దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళాలి. దాతకు ఈ సంగతి డైరెక్టర్ నోటి నుంచి తెలియాలి, వాట్సాప్ గ్రూపులో కాదు.

ఆ ప్రయాణంలోనే పాత వాగ్దానాలు బయటపడతాయి. ఉదాహరణకు, పాత సైకిల్ ఇచ్చినవారికి 80జీ రశీదు ఇస్తామని ఎక్కడైనా మాటిచ్చి ఉంటే సరిదిద్దండి. 80జీ రాయితీ డబ్బుకే, వస్తువులకు లేదు. నగదైతే 2,000 రూపాయలు దాటితే అదీ లేదు.

వీధి కార్యక్రమాలకు, షెడ్డు స్థలానికి కార్పొరేషన్ నుంచి ఉన్న ఉత్తరాలు తీసి చూడండి. 2025 సెప్టెంబర్ నుంచి బీబీఎంపీ (పాత బెంగళూరు నగరపాలక సంస్థ) స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, మీరు తూర్పు కార్పొరేషన్‌లోకి వస్తారు. కొత్త డైరెక్టర్ పేరుతో పరిచయ ఉత్తరం అక్కడికే వెళ్ళాలి.

10 మందికి పైగా సిబ్బంది ఉన్నారు కాబట్టి లైంగిక వేధింపుల ఫిర్యాదుల అంతర్గత కమిటీ మీకు తప్పనిసరి. వెళ్ళేవారిలో ఎవరైనా అందులో ఉంటే కొత్త నియామక ఉత్తర్వు వెంటనే ఇచ్చి గోడమీద పేర్లు మార్చండి. ఇది ఎవరికీ గుర్తుండదు.

ఆదివారం_సవారీ:

చాలా ఉపయోగపడ్డాయి, ధన్యవాదాలు. రెండు సందేహాలు. వెళ్ళే డైరెక్టర్‌కు గ్రాట్యుటీ ఎంత, ఎప్పుడు? కొత్త డైరెక్టర్ జీతాన్ని విదేశీ విరాళాల ఖాతా నుంచి ఇవ్వొచ్చా?

పద్దుల_పుస్తకం జవాబు:

గ్రాట్యుటీ లెక్క: ఆఖరి నెల వేతనం × 15 × పనిచేసిన ఏళ్ళు ÷ 26. వేతనం 40,000, ఎనిమిదేళ్ళు అనుకుంటే 1,84,615 రూపాయలు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి కాబట్టి బేసిక్‌ను చిన్నగా చూపించి లెక్క తగ్గించడం కుదరదు, మొత్తం జీతంలో కనీసం సగం వేతనం కిందే పడుతుంది. మిగిలిన జీతం బకాయి, వెళ్ళిన రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఈ మొత్తాలు బడ్జెట్‌లో ఉన్నాయో లేవో ఇప్పుడే చూసుకోండి. ఎనిమిదేళ్ళ మొత్తం ఒక్కసారిగా పడితే చిన్న సంస్థకు ఒక నెల జీతాలంత అవుతుంది.

విదేశీ ఖాతా నుంచి ఇవ్వొచ్చు, కానీ డైరెక్టర్ జీతం పరిపాలనా ఖర్చు కింద పడుతుంది. ఆ పద్దు మొత్తం, ఏడాదిలో వచ్చిన విదేశీ విరాళంలో 20 శాతం దాటకూడదు. 2020 సవరణకు ముందు 50 ఉండేది, పాత లెక్కల ప్రకారం వేసుకుంటే ఇరుక్కుంటారు. సీఎస్ఆర్‌లో మాత్రం 5 శాతం హద్దు కంపెనీ సొంత పరిపాలనా ఖర్చుకు, మీ ప్రాజెక్టు మనుషుల జీతాలకు కాదు. కాబట్టి మెకానిక్‌లు, సైకిల్ నేర్పేవారి జీతాలు ప్రాజెక్టు ఖర్చుగా ఒప్పందంలో రాయించుకోండి. డైరెక్టర్ జీతంలో ఎంత భాగం ప్రాజెక్టుకు చెందుతుందో టైమ్‌షీట్‌తో చూపించగలిగితేనే అక్కడ వేయండి.

విదేశీ విరాళాల పోర్టల్‌లో కార్యవర్గం మార్పుకు ఎఫ్‌సీ-6ఈ ఫారం, 45 రోజుల్లోపు. కొత్తవారందరి ఆధార్ కావాలి. సమావేశం రోజే అక్కడే ఆధార్, పాన్ కాపీలు, ఫోటోలు తీసుకోండి. ఇంటికెళ్ళాక ఒక్కొక్కరి వెంట పడటంలోనే ఆ 45 రోజులూ అయిపోతాయి.

కాటర్_పిన్ను జవాబు:

సీఎస్ఆర్ డబ్బుతో కొన్న టైర్లు, ట్యూబులు వేరే అరలో పెట్టి, ఏ ప్రాజెక్టువో పైన రాయండి. సరుకు లెక్క రోజే ఈ పని చేస్తే కొత్త ఇన్‌చార్జ్ వాటిని తెలియక మామూలు రిపేర్లకు వాడేయడు. వర్క్‌షాప్ తాళాలు ఎన్ని జతలున్నాయో, ఎవరెవరి దగ్గరున్నాయో కూడా ఆ కాగితం మీదే రాయించుకోండి.