మాంచెస్టర్‌కు కొత్త, గర్భం తొమ్మిదో వారం: మందులు తక్కువగా, మన పద్ధతిలో ఆరోగ్యం కాపాడుకోవడం ఎలా?

అడిగినవారు: మాంచెస్టర్, వచ్చి రెండు నెలలు

అక్కలకూ అన్నయ్యలకూ నమస్కారం. మావారి స్కిల్డ్ వర్కర్ వీసా మీద డిపెండెంట్‌గా వచ్చాను. ఇప్పుడు తొమ్మిదో వారం, మొదటి కాన్పు. వేవిళ్లు బాగా ఉన్నాయి, పోపు వాసన కూడా పడటం లేదు. మందులు ఎక్కువ వాడటం నాకు ఇష్టం లేదు. అమ్మ ఫోన్‌లో శొంఠి, కాయం, నువ్వుల నూనె అని చెబుతోంది కానీ, ఆమెకు వీసా ఎప్పుడొస్తుందో తెలియదు. కాన్పు వరకూ, ఆ తర్వాతా మీరు ఏం తిన్నారు, ఏం చేశారు? లేహ్యాలు ఇండియా నుంచి తెప్పించుకోవచ్చా?

రెడింగ్ నుంచి, ఇద్దరు పిల్లల తల్లి

చెల్లీ, శుభాకాంక్షలు. లేహ్యం సంగతి తర్వాత చూద్దాం. మిడ్‌వైఫ్ (గర్భిణులను, కాన్పులను చూసే ఆమె) దగ్గర పేరు రాయించుకున్నావా? నువ్వు అడగలేదు, అయినా చెప్పి తీరాలి. నా మొదటి కాన్పులో నేను దెబ్బతిన్నది అక్కడే.

అప్పుడు మేం ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. అగ్రిమెంట్ మావారి పేరు మీదే ఉంది. జీపీ సర్జరీకి, అంటే మన పేటలోని డాక్టరు క్లినిక్‌కు వెళ్తే రిసెప్షన్‌లో ఆమె నా పేరు మీద అడ్రస్ ప్రూఫ్ తెమ్మంది. నాకు బ్యాంకు ఖాతా లేదు, కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద వస్తుంది. ఒక ఉత్తరం రాసివ్వమని ఓనర్‌ని అడిగితే, ‘అగ్రిమెంట్‌లో ఉన్నది ఒక్కరి పేరే, రెండో మనిషికి కాగితం ఇవ్వను’ అన్నాడు. కడుపుతో ఉన్నానని తెలిస్తే ఖాళీ చేయమంటాడేమోనని భయపడి మళ్లీ అడగలేదు. ఇక బ్యాంకు అపాయింట్‌మెంట్, ఆ తర్వాత కార్డు, ఆ తర్వాత పోస్టులో స్టేట్‌మెంట్. ఇలా ఐదు వారాలు పోయాయి. మిడ్‌వైఫ్ ముఖం చూసేసరికి నాకు పదిహేనో వారం. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కాన్, దాంతోపాటు బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉండే అవకాశం ఎంతో చూసే స్క్రీనింగ్ దాటిపోయాయి. ఆ తర్వాత వేరే రక్తపరీక్ష చేశారు, పాప బాగానే పుట్టింది. కానీ ఆ ఫలితం వచ్చేదాకా నేను పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర పేరు నమోదుకు అడ్రస్ ప్రూఫ్, ఐడీ, వీసా కాగితం ఏదీ తప్పనిసరి కాదు. అవి లేవని వెనక్కి పంపకూడదు. చేర్చుకోం అంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ మాట నాకు ఆ రోజు తెలిసి ఉంటే కౌంటర్ దగ్గర నుంచి కదిలేదాన్ని కాదు. పైగా మిడ్‌వైఫ్ కోసం జీపీ దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు. ఆసుపత్రి మెటర్నిటీ పేజీలో సెల్ఫ్ రిఫరల్ ఫారం, అంటే మనమే నేరుగా పేరు ఇచ్చుకునే ఫారం ఉంటుంది. పదో వారంలోపే మొదటి అపాయింట్‌మెంట్ జరగాలంటారు. ఈ రాత్రే నింపు.

లీడ్స్ నుంచి, ఫార్మసీలో పని

మందులు వద్దన్నారు కాబట్టి రాస్తున్నాను. రెండిటిని మాత్రం మందులుగా లెక్కేయకండి. ఫోలిక్ ఆసిడ్ 400 మైక్రోగ్రాములు, 12 వారాలు నిండేదాకా. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునేది ఈ తొలి వారాల్లోనే, ఆ మోతాదు ఆకుకూరలతో అందడం కష్టం. రెండోది విటమిన్ డి, రోజుకు 10 మైక్రోగ్రాములు. మన ఒంటి రంగుకు ఇక్కడి ఎండ చాలదు, ఏడాది పొడవునా వేసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఫోలిక్ ఆసిడ్ 5 మిల్లీగ్రాములు కావాలి, అది డాక్టరే రాయాలి.

వేవిళ్లకు అల్లం నిజంగానే కొంత పనిచేస్తుంది. కొంచెం కొంచెంగా తరచూ తినండి. నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, బరువు తగ్గుతుంటే మాత్రం ఓర్చుకోవద్దు, మిడ్‌వైఫ్‌కో జీపీకో ఫోన్ చేయండి. గర్భిణులకు ఇచ్చే వాంతుల మాత్రలు ఉన్నాయి. కాఫీ మళ్లీ పడటం మొదలయ్యాక రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. ఒక మగ్గు ఇన్‌స్టంట్ కాఫీలో దాదాపు 100, టీలో 75 ఉంటుంది.

ఇంకో సంగతి. ఇక్కడ హీమోగ్లోబిన్ రిపోర్టులో 105 అని వస్తే అది మన లెక్కలో 10.5. ఆ అంకె చూసి మా కస్టమర్లలో ఎవరో ఒకరు కంగారుపడని నెల లేదు. మొదటి మూడు నెలల్లో 110 కంటే, 28వ వారం దగ్గర 105 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. తోటకూర, పప్పులు తినండి, పైన నిమ్మకాయ పిండుకోండి. ఐరన్ మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ తాగకండి. మన ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే, టిఫిన్, మాత్ర, టీ అన్నీ ఒకేసారి.

మిడ్‌వైఫ్ దగ్గర ఎఫ్‌డబ్ల్యూ8 అనే ఆకుపచ్చ ఫారం అడిగి తీసుకోండి. ప్రసవమయ్యాక ఏడాది దాకా ప్రిస్క్రిప్షన్ మందులు, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) పళ్ల డాక్టరు వైద్యం ఉచితం.

స్లౌ నుంచి, 14 ఏళ్లుగా ఇక్కడే

అన్నయ్యా, ఆ ఆకుపచ్చ కాగితం కాలం పోయింది. ఇప్పుడు మిడ్‌వైఫో డాక్టరో ఆన్‌లైన్‌లో పెట్టేస్తారు, సర్టిఫికెట్ ఈమెయిల్‌కో పోస్టులోనో వస్తుంది. కాగితం కోసం ఎదురుచూస్తూ మా మరదలు ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టింది. ఇప్పుడు వచ్చేవాళ్లు వీసాతో పాటే హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు కట్టి వస్తున్నారు, మనకు రావాల్సింది అడగడానికి మొహమాటం దేనికి?

లీడ్స్ నుంచి మళ్లీ

మా దగ్గర పాత కాగితాలు కొన్నాళ్లు తిరిగాయి, ఆ అలవాటులో రాశాను. మీరన్నదే సరైన దారి. మందు కావాల్సిన రోజున సర్టిఫికెట్ ఇంకా రాకపోతే డబ్బు కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 రసీదు అడగండి, తర్వాత అడిగితే ఇవ్వరు. అది ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది.

కోవెంట్రీ నుంచి

లేహ్యం ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. వద్దమ్మా, లేబుల్ లేని లేహ్యాలు, భస్మాలు, ‘గర్భరక్షక’ గుళికలు ఏవీ వద్దు. 2011, 2012లలో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనబడింది. ఆరుగురూ బయటి దేశాల్లో పుట్టి అక్కడికి వెళ్లినవాళ్లే, వాళ్లు వాడినవి ఇండియాలో తయారైన ఆయుర్వేద మందులు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లో ఆ వివరాలు ప్రచురించింది. సీసం తల్లి రక్తం నుంచి బిడ్డకు చేరుతుంది. శొంఠి, మిరియాలు, వెల్లుల్లి వంటలో వేసుకోవడం వేరు, గుళిక మింగడం వేరు. మెంతులు కూడా పోపు వరకే. ఏది నోట్లో వేసుకున్నా మిడ్‌వైఫ్‌కి పేరుతో సహా చెప్పండి, వాళ్లు తిట్టరు.

బర్మింగ్‌హామ్ నుంచి, ముగ్గురు మనవల అమ్మమ్మ

తల్లీ, వీళ్లు చెప్పేవన్నీ నిజమే, అయినా మన పథ్యాన్ని మొత్తం తీసిపారేయకు. నేను వచ్చి ఇద్దరు కూతుళ్లకు పురుడు పోశాను. వెల్లుల్లి కారంతో వేడన్నం, నెయ్యి, నువ్వుల నూనెతో ఒళ్లు మర్దన, వేన్నీళ్ల స్నానం, నలభై రోజులు ఇంటిపని ముట్టుకోనివ్వకపోవడం. బాలింతకు కావలసింది విశ్రాంతి, వేళకు ఎవరో పెట్టే ముద్ద. నీళ్లు మాత్రం తక్కువ తాగనిచ్చేదాన్ని, పొట్ట జారుతుందని.

బ్రిస్టల్ నుంచి, ఫిజియోథెరపిస్ట్

అమ్మమ్మగారూ, మీ చేతి వెల్లుల్లి కారం మాకు దొరికితే అంతకంటే ఏం కావాలి. కానీ నీళ్ల విషయంలో నేను ఒప్పుకోలేను. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం, కుట్ల మీద ఒత్తిడి, మూత్రంలో మంట. నలభై రోజులు మంచం దిగకపోవడమూ మంచిది కాదు. కాన్పు తర్వాత మొదటి వారాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, సిజేరియన్ అయితే మరీను. ఇంటిపని వద్దు, ఇంట్లో నడక కావాలి.

చెల్లీ, ఇప్పటి నుంచే రోజూ కటికండరాల వ్యాయామం చెయ్యి. గాలి, మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించి, నెమ్మదిగా వదలడం. వారానికి మొత్తం 150 నిమిషాలు నడక లాంటిది సరిపోతుంది. 34వ వారం నుంచి పెరీనియం (యోనికీ మలద్వారానికీ మధ్య భాగం) మర్దన ఎలా చేయాలో మిడ్‌వైఫ్‌ని అడుగు, మొదటి కాన్పులో చిరుగు తగ్గడానికి పనికొస్తుంది. 28 వారాలు దాటాక పక్కకు తిరిగి పడుకోవాలి, వెల్లకిలా వద్దు. కాన్పయ్యాక నడికట్టు కట్టుకుంటే ఊపిరి ఆడనంత బిగించకు.

బర్మింగ్‌హామ్ నుంచి మళ్లీ

నీళ్ల సంగతి నా పెద్ద కూతురూ ఇదే అంది. సరేనమ్మా. మర్దన మాత్రం వదలకండి. సాంబ్రాణి పొగ వేసేవాళ్లు ఉంటే బొగ్గుల కుంపటి తలుపులు మూసిన గదిలో పెట్టకండి. మా ఇంట్లో అలారం మోగింది, బిడ్డతో సహా అందరం చలిలో బయట నిలబడ్డాం. ఆ పొగ పిల్లకు విషమని ఆ రోజే తెలుసుకున్నాను.

మిల్టన్ కీన్స్ నుంచి

నాకు గర్భంలో షుగర్ వచ్చింది. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షను మన దక్షిణాసియా వాళ్లకు ఇస్తామంటారు, వద్దనొద్దు. పరగడుపున 5.6 గానీ, రెండు గంటలకు 7.8 గానీ వచ్చినా, అంతకు మించినా గర్భంలో షుగర్ ఉన్నట్టే. మన లెక్కలో సుమారు 101, 140. నేను అన్నం సగం చేసి, పప్పు, కూర పెంచి, తిన్న ప్రతిసారీ పావుగంట నడిచాను. ఇన్సులిన్ అవసరం పడలేదు. పడి ఉంటే తీసుకునేదాన్ని. కాన్పు తర్వాత 6 నుంచి 13 వారాల మధ్య మళ్లీ పరీక్ష, ఆపైన ఏడాదికోసారి. ఇది ఎవరూ గుర్తు చేయరు, నువ్వే అడగాలి.

బిడ్డ కదలికలు రోజుకు పది లెక్కపెట్టుకో.

రెడింగ్ నుంచి మళ్లీ

పది అనే లెక్క ఇప్పుడు చెప్పరు అక్కా. ఏ బిడ్డ తీరు దానిదే. మామూలుగా కదిలే తీరు తగ్గిందనిపిస్తే వెంటనే మెటర్నిటీ యూనిట్‌కు ఫోన్, అర్ధరాత్రి అయినా సరే. పొద్దున చూద్దాం అనుకోకూడదు. అలాగే తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రాత్రుళ్లు అరిచేతులు అరికాళ్ల దురద, కాన్పయ్యాక పిక్కనొప్పి, ఆయాసం, గంటలో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం. వీటికి ఇంటివైద్యం లేదు.

క్రాయిడన్ నుంచి, ఒక తండ్రి

మీవారికి ఈ ఒక్కటి చదివి వినిపించండి. మా ఆవిడ కాన్పయిన నాలుగో రోజు ఏడ్చింది. అది చాలామందికి ఉంటుందని మిడ్‌వైఫ్ చెప్పింది. కానీ మూడో వారంలోనూ ఏడుస్తూనే ఉంది, బిడ్డ నిద్రపోయినా తను నిద్రపోయేది కాదు. పాలు పడటం లేదని ఇండియా నుంచి రోజూ ఫోన్లు, మెంతులు తిను, అది తిను అని. నిజానికి కావలసింది రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు బిడ్డను రొమ్ముకు పట్టించడం, సరిగ్గా పట్టుకునేలా చూపించే మనిషి. హెల్త్ విజిటర్ (కాన్పయ్యాక తల్లినీ బిడ్డనూ చూడటానికి ఇంటికి వచ్చే నర్సు) వచ్చినప్పుడు నేనే నోరు తెరిచి చెప్పాను. రెండు వారాలు దాటిన దిగులు జబ్బే. మాటలతో చికిత్స చేసే ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కు మనమే నేరుగా పేరు ఇవ్వచ్చు, తెలుగు దుబాసీని ఉచితంగా అడగచ్చు. రాత్రి ఒక పూట బిడ్డ బాధ్యత నేను తీసుకున్నాక ఆవిడ వరుసగా నాలుగు గంటలు పడుకుంది. ఆ వారం నుంచే మనిషి తేరుకోవడం మొదలైంది.

6 నుంచి 8 వారాల మధ్య జీపీ దగ్గర తల్లికీ చెకప్ ఉంటుంది. మేం బిడ్డను చూపించి వచ్చేశాం, మీరు అలా చేయకండి.

అడిగినవారు

అందరికీ ఎంతో రుణపడి ఉంటాను. ఫారం నిన్న రాత్రే నింపాను, వచ్చే గురువారం అపాయింట్‌మెంట్ ఇచ్చారు. జీపీ దగ్గర అడ్రస్ ప్రూఫ్ అడిగితే అక్క చెప్పిన మాటే చెప్పాను, లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి ఫారం ఇచ్చారు. లేహ్యం పార్సిల్ ఆపేయమని అమ్మకు చెప్పాను, కాస్త నొచ్చుకుంది. అమ్మమ్మగారూ, ఆ వెల్లుల్లి కారం ఎలా చేస్తారో రాస్తారా? అమ్మ రాలేకపోతే మావారు నేర్చుకుంటానంటున్నారు.

బర్మింగ్‌హామ్ నుంచి

రాస్తాను తల్లీ. మీవారిని ముందు అన్నం మెత్తగా వండటం నేర్చుకోమను.