సున్నపు నేలలో హెదర్ పెంచాలంటే మట్టిని మార్చాలా, మొక్కను మార్చాలా?

మొలక:
మేము ఇంగ్లండులోని చిల్టర్న్స్ కొండల ప్రాంతంలో ఉంటున్నాము. ఇంటి ముందు ఎండ తగిలే చోట ఒక మడి నిండా హెదర్ (చిన్న పూలు గుత్తులుగా పూసే పొట్టి పొద) పెంచాలని మా కోరిక. అయితే జానెడు లోతు తవ్వేసరికే తెల్లటి సుద్ద బయటపడుతోంది; పిడికెడు మట్టి మీద వినెగర్ పోస్తే బుసబుసా నురగ వస్తోంది. మొక్కలు అమ్మే చోట అడిగితే, గొయ్యి తవ్వి, పాత మట్టిని తీసివేసి, ఆమ్లగుణం గల కంపోస్టుతో నింపితే చాలన్నారు. నేలలో గంధకం కలపమని మరొకరు సూచించారు. ఈ పద్ధతులు నిలుస్తాయా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

వానతొట్టి:
శ్రద్ధ ఉంటే తప్పక నిలుస్తాయి. స్కాట్లాండు కొండలను ఆగస్టులో ఊదారంగుతో నింపే అసలు హెదర్ అయిన కల్లూనా వల్గారిస్‌కు ఆమ్ల నేల కావాలన్నది నిజమే. కాని దాని వేళ్లు వెంట్రుకల్లా సన్నగా ఉండి నేలలో పైపైనే అల్లుకుంటాయి కనుక, మనం మార్చవలసిన మట్టి లోతు ఎక్కువేమీ కాదు. చలికాలంలో పూసే హీత్ (హెదర్‌కు దగ్గరి బంధువైన ఎరికా జాతి పొద) నాటుకోమని ఇక్కడ ఎవరో ఒకరు సలహా ఇస్తారని నాకు తెలుసు. అది మంచి మొక్కే అయినా, వేసవి చివరి పూలు కోరుకున్నవారికి ఫిబ్రవరి పూలతో సరిపెట్టుకోమనడం న్యాయం కాదు.

మెట్టచేను:
ఆ సలహా ఇవ్వబోయేది నేనే కనుక, కారణాలు వివరంగా రాస్తాను.

ముందు గంధకం లెక్క చూడండి. నేలలోని సూక్ష్మజీవులు గంధకాన్ని ఆమ్లంగా మారుస్తాయి; ఆ ఆమ్లం సున్నంతో కలిసి ఖర్చయిపోతుంది. ఒక కిలో గంధకం సుమారు మూడు కిలోల సున్నపురాయిని మాత్రమే కరిగించగలదు. ఒక చదరపు మీటరు మేర 30 సెంటీమీటర్ల లోతు మట్టి దాదాపు 390 కిలోలు తూగుతుందనుకుంటే, అందులో పదోవంతు సున్నమే ఉన్నా 39 కిలోలవుతుంది. దాన్ని తీర్చడానికి 12 కిలోలకు పైగా గంధకం పోయాలి. అంత పోసినా అడుగున ఉన్న సుద్ద తరగదు. వినెగర్ పోస్తే నురగ వచ్చే నేలలో గంధకం చల్లడం డబ్బు పారబోయడమేనని నా నిశ్చితాభిప్రాయం.

గొయ్యి నింపే పద్ధతికీ ఇదే చిక్కు. చుట్టూ ఉన్న సుద్ద మీదుగా వచ్చే నీరు సున్నాన్ని మోసుకొస్తుంది, వానపాములు రెండు మట్టినీ కలుపుతాయి. దీనికి తోడు ఆ ప్రాంతపు కొళాయి నీరే కఠిన జలం. కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి పొర అందుకు సాక్ష్యం. కొంతకాలానికి చిగుళ్లు పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతాయి, ఎందుకంటే సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. మన వైపు సున్నపు నేలల్లో వేరుశనగ ఆకులు పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేసేది ఈ లోపానికే. కొన్ని నెలల్లో చేతికొచ్చే పంటకు అది సరిపోతుంది; ఏళ్ల తరబడి నిలవవలసిన పొదను పిచికారీల మీద బతికించడం ఏం సుఖం?

అందుకే ఆ చలికాలపు హీత్‌ను, అంటే ఎరికా కార్నియాను, నాటమంటున్నాను. ఆల్ప్స్ పర్వతాల సున్నపురాయి వాలుల మీద కూడా సహజంగా పెరిగే మొక్క అది. దానికీ అదే జాతికి చెందిన ఎరికా ఎరిజీనాకూ పుట్టిన సంకరం డార్లీయెన్సిస్ సైతం సున్నాన్ని ఓర్చుకుంటుంది. స్ప్రింగ్‌వుడ్ వైట్ అనే తెల్లపూల రకం నేలను దట్టంగా కప్పేస్తుంది. తేనెటీగలకు వేరే పూలు దొరకని రోజుల్లో అవి వీటిపై ముసురుతూ చేసే జుమ్మనే చప్పుడు విన్నవారెవరూ ఈ మొక్కను రెండో రకం సర్దుబాటుగా చూడరు. కల్లూనా మీద అంత మక్కువ ఉంటే కుండీలో పెంచుకోండి.

వానతొట్టి:
గంధకం విషయంలో మీ లెక్కను కాదనలేను, మెట్టచేను గారూ. కాని నేను చెప్పేది గొయ్యి కాదు, ఎత్తు మడి. నేల మీదే చెక్కలతో 30 సెంటీమీటర్ల ఎత్తు కట్టి, అడుగున నీరు దిగే గుడ్డ పరిచి, పీట్ (చిత్తడి నేలల్లో నాచు, మొక్కలు సగం కుళ్లి పేరుకున్న నల్లమట్టి) లేని ఆమ్ల కంపోస్టులో పైన్ బెరడు కలిపి నింపి, వాననీటితోనే తడిపితే సుద్దకు వేళ్లతో సంబంధం తక్కువ.

పచ్చికబయలు:
పీట్ లేని కంపోస్టు మీద నాకు నమ్మకం తక్కువ. పాత తోటమాలులంతా హెదర్‌కు పీట్ వాడినవారే. ఆమ్లగుణం, తేమ రెండూ అందులోనే ఉన్నాయి. ఇంగ్లండులో తోటలకు పీట్ అమ్మకాన్ని 2024 నాటికి నిషేధిస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించినా, ఆ గడువులోగా చట్టం రాలేదు కదా.

మెట్టచేను:
చట్టం రాకపోయినా నేను పీట్ కొనను. అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది. మీటరు మందం ఏర్పడడానికి వెయ్యేళ్లు పడుతుంది. పైగా అడవి హెదర్ పెరిగే తావులలో ఈ పీట్ భూములూ ఉన్నాయి. పెరటిలో హెదర్ కోసం దాని సొంత నేలను తవ్వి తెచ్చుకోవడాన్ని నేను సమర్థించలేను.

వానతొట్టి గారి ఎత్తు మడి గొయ్యి కంటే ఎంతో మేలని ఒప్పుకుంటాను. అయితే దాని పూచీ ఏమిటో మొలక గారికి ముందే తెలియాలి. వేసవిలో వాననీటి తొట్టె ఎండిపోయే వారాలకు ఏర్పాటు ఉండాలి, ఏటా వసంతంలో మడి మట్టి పీహెచ్ (ఆమ్లగుణపు కొలత; అంకె పెరిగితే ఆమ్లగుణం తగ్గినట్టు) పరీక్షించాలి, అది 6 దాటుతుంటే పై పొర మార్చాలి.

ఏది నాటినా కత్తిరింపు మాత్రం తప్పదు. కల్లూనాను మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఎరికా కార్నియాను పూలు రాలిన వెంటనే కత్తిరించాలి. కత్తెర ఆకులున్న లేత కొమ్మ దగ్గరే ఆగాలి, ముదురు మోడులోకి దిగితే కల్లూనా సాధారణంగా మళ్లీ చిగురించదు.

మొలక:
మడి వెడల్పు రెండు మీటర్లు. ఎరికా కార్నియాను మడిలోనూ, కల్లూనాను గుమ్మం పక్కన రెండు పెద్ద కుండీల్లోనూ పెట్టాలనుకుంటున్నాము. కుండీలకు వాననీరు చాలని రోజుల్లో కాచి చల్లార్చి తేర్చిన కొళాయి నీరు పోయవచ్చా?

వానతొట్టి:
అత్యవసరానికి పోయవచ్చు. కాచినప్పుడు సున్నంలో కొంత భాగం అడుగుకు దిగిపోతుంది, పూర్తిగా కాదు. కుండీ ఎండిపోవడం కంటే అది నయం.