సమస్య: దోచఁబోయి తానె దోచఁబడెను

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది పాదం. 'రాన్‌సాక్' (ఒక చోటును గాలించి దోచడం) అన్న ఇంగ్లిష్ మాటకు తెలుగేమిటని మొన్న ఒకరు అడిగారు. సమస్య అక్కడే పుట్టింది. పాత నార్స్ భాషలో ఆ మాట మొదటి సగానికి ఇల్లని, రెండో సగానికి వెతకడమని అర్థం. అందుకే ఇంటినో బీరువానో ఊరినో రాన్‌సాక్ చేస్తారు, నగలను చేయరు. దోపిడీ జరిగిన చోటు మీద పూరణలు వస్తే మరీ సంతోషం.

గుంటూరు సభ్యుడు:

ఢిల్లిఁ గొల్లగొట్టి డెందముప్పొంగగ
కోహినూరుతోడఁ గోట కేఁగె
కాచువారె రాత్రి ఖడ్గమ్ము దూయఁగా
దోచఁబోయి తానె దోచఁబడెను

పర్షియా రాజు నాదిర్షా ఢిల్లీని దోచింది 1739లో. 1747లో సొంత మనుషులే గుడారంలో చంపారు. కోహినూరు అతని సేనాని అహ్మద్ షా అబ్దాలీ చేతికి పోయింది. మా కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పే రాయి కదా, రాస్తుంటే మనసు కలుక్కుమంది.

నిర్వాహకుడు: మూడో పాదం చాలా బాగుంది. 'కోట' మాత్రం యతి కోసం తెచ్చినట్టుంది.

గుంటూరు సభ్యుడు: కాదండీ, ఇరాన్‌లోని కలాత్ కోట. ఢిల్లీ సొమ్మును అక్కడే దాచాడు.

నిర్వాహకుడు: అయితే నా ఆక్షేపణ వెనక్కి తీసుకుంటున్నాను.

డాలస్ సభ్యుడు: 'లూట్' అన్న ఇంగ్లిష్ మాట హిందీ నుంచి వెళ్ళిందే. దాని మీద:

లూటిఁ జేయ వచ్చి లోకమ్ము నెల్లను
మాట యొకటి మనది మూటఁ గట్టె
దొరల నాల్కమీఁద దొరలె నా నుడి చూడు
దోచఁబోయి తానె దోచఁబడెను

నిర్వాహకుడు: ఊహ కొత్తది. రెండో పాదంలో ప్రాసయతి చక్కగా కుదిరింది. కానీ మాటను మూటగట్టుకుపోతే అదీ దోచడమే! దోచఁబడింది ఎక్కడ?

డాలస్ సభ్యుడు: నిజమేనండీ. ఆ రెండు పాదాలూ మార్చాను:

మాట యొకటి వాని నోట నాటె
దొరల నాల్క నేలు దొరయయ్యె నా నుడి

నిర్వాహకుడు: ఇప్పుడు సమస్య తీరింది. 'దొరల', 'దొర' ఎదురెదురుగా నిలబడ్డాయి.

హైదరాబాద్ సభ్యురాలు: నాకు పద్యం రాలేదు, మాట దొరికింది. కొల్లగొట్టడం ఊరికీ చెల్లుతుంది, సొమ్ముకీ చెల్లుతుంది. రాన్‌సాక్ చోటుకే కాబట్టి మనకు 'గుల్ల చేయడం' ఉంది కదా! ఇల్లు గుల్ల చేశారంటాం, నగలు గుల్ల చేశారనం. వెతికి చిందరవందర చేయడం ఇందులో పూర్తిగా రాదు, అది ఒప్పుకుంటాను. అయినా దొంగలు పడ్డ ఇంట్లోకి అడుగుపెట్టిన మనిషి నోట మొదట వచ్చేది ఈ మాటే.

గుంటూరు సభ్యుడు: అమ్మా, గణాలూ సరిపోయాయి, యతీ చెడలేదు. నా మొదటి పాదం ఇకనుంచి ఇదీ:

ఢిల్లి గుల్ల చేసి డెందముప్పొంగగ