తంబుర పంచమం ఊగుతోంది, యాప్ మాత్రం సరిపోయిందంటోంది

బొబ్బిలి_బిరడా:
తంబుర ఒకటి శ్రుతికి కడుతున్నానండీ. ట్యూనర్ యాప్‌లో పచ్చ గీత పడేదాకా సారణులు (‘స’ పలికే నడిమి తీగలు) సి స్వరానికీ, పంచమం (‘ప’ పలికే తీగ) జి స్వరానికీ తెచ్చాను. అయినా పంచమం, సారణి వెంటవెంటనే మీటితే రెండు సెకన్ల పైచిలుకుకి ఓ ఊపు (నాదం పెరిగి తగ్గడం) వస్తోంది. ఏటి చేయాలి? ఇంకోటి: విస్పందనాల (దగ్గరి స్వరాలు రెండు కలిస్తే వచ్చే ఈ ఊపుల) సమీకరణంలో ఆ రెండు స్వరాల హెర్ట్జ్ తేడాలో సగం వస్తుంది కదా, మరి చెవికి పూర్తి తేడా ఎందుకు వినిపిస్తుంది?

విజీనగరం_శ్రుతి:
యాప్ అబద్ధం చెప్పలేదు. అది హార్మోనియం మెట్ల లెక్కలో చూపిస్తుంది, అంతే. అందులో సి 130.81, జి 98.00 హెర్ట్జ్. తంబురకి కావలసింది 98.11, అంటే సారణిలో సరిగ్గా ముప్పావు వంతు. సారణి మూడో హార్మోనిక్ (తీగ అసలు స్వరానికి మూడు రెట్లుగా పలికే పై నాదం) 392.44, మీ పంచమం నాలుగో హార్మోనిక్ 392.00. తేడా 0.44, అంటే సుమారు 2.3 సెకన్లకి ఒక ఊపు. మీరు విన్నది అదే.

యాప్ పక్కన పెట్టండి. ఆ ఊపు అడుగు నాదంలో ఉండదు, పైన తారస్థాయి పంచమం దగ్గర వెతకాలి. ఏ తీగ ఎక్కువో ఊపు చెప్పదు. పంచమాన్ని కాస్త దించండి: ఊపులు జోరెక్కితే అది ముందే తక్కువగా ఉన్నట్టు. బిరడాతో (తీగ బిగించే మర) కింది నుంచి పైకే రండి, లేకపోతే పట్టు జారి మళ్లీ దిగిపోతుంది. చివరి వెంట్రుకవాసి తేడా తీగకున్న పూసతో: తీగ కట్టిన కొస వైపు జరిపితే శ్రుతి ఎక్కుతుంది. మెత్తగా మీటండి. గట్టిగా లాగితే తీగ బిగువు పెరిగి మొదట్లో స్వరం ఎక్కి, తర్వాత దిగుతుంది. దాంతో ఊపుల లెక్క తప్పుతుంది.

ఆమదాలవలస_ఫిజిక్స్:
రెండో ప్రశ్నకి. 220, 224 హెర్ట్జ్ స్వరాలు కలిస్తే 222 స్వరం పెద్దదై చిన్నదవుతుంది. ఆ పెరుగుదల తరుగుదలని చూపే కొసైన్ పదం సెకనుకు 2 సార్లే తిరుగుతుంది, నిజమే. కానీ ఒక్కో చుట్టులో ధన శిఖరం ఒకటి, రుణ శిఖరం ఒకటి. చెవికి గుర్తుతో పని లేదు, రెండుచోట్లా బిగ్గరగానే వింటుంది. అందుకే 4. గాలిలో 4 హెర్ట్జ్ తరంగమంటూ ఏదీ లేదు, ఉన్నా మనకి వినపడదు.

కర్ణావర్తంలో (లోపలి చెవిలోని నత్తగుల్ల లాంటి గొట్టం) ఆధార త్వచం (అందులో స్వరాలకి కదిలే పొర) మీద ఈ రెండు స్వరాలూ దాదాపు ఒకేచోట పడతాయి. ఆ చోటు కదలికే ఉబ్బి తగ్గుతుంది. తేడా 15 దాకా ఊపులు విడివిడిగా తెలుస్తాయి, తర్వాత లెక్క అందదు, గరగరగా ఉంటుంది. ఇంకా పెంచితే రెండు స్వరాలుగా విడిపోతాయి. ఫోన్‌లో టోన్ జనరేటర్ పెట్టి 220 ఉంచి, రెండోది 224, 250, 400 చేసి ఒకే స్పీకర్లో వినండి.

బొబ్బిలి_బిరడా:
హెడ్‌ఫోన్‌లో ఒక చెవికి 220, రెండో చెవికి 224 ఇస్తే?

ఆమదాలవలస_ఫిజిక్స్:
ఊపు బలహీనంగా వినిపిస్తుంది. తరంగాలు గాలిలో కలవవు, రెండు చెవుల సంకేతాలు మెదడుకాండంలో కలుస్తాయి. స్వరం సుమారు 1000 హెర్ట్జ్ దాటితే అదీ పోతుంది. శ్రుతి కట్టడానికి మాత్రం పనికిరాదు.

విజీనగరం_శ్రుతి:
ఒకటి మరిచాను. జతగా వినే ముందు ఒక్కో తీగనీ విడిగా మీటండి. ఒంటరి తీగే ఊగుతుంటే తుప్పో మెలికో ఉన్నట్టు, బిరడా ఎంత తిప్పినా పోదు. తీగ మార్చండి. కొత్త తీగ కూడా ఊగితే గుర్రం (తీగలు ఆనే వంతెన చెక్క) మీద తీగ కింద పెట్టే నూలుపోగు కొంచెం జరిపి చూడండి.