సమస్య: “పువ్వు లేని తీవె పూచెఁ గనుఁడు” – పూరణలు, పరామర్శలు

నిర్వాహకుడు

ఇచ్చిన పాదాన్ని చివర నిలిపి, అందులోని విరోధం తీరేటట్లు ముందరి మూడు పాదాలు వ్రాయడమే పూరణ. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం:

పువ్వు లేని తీవె పూచెఁ గనుఁడు

గణాలన్నీ సూర్యగణాలే (గురువు, లఘువు గాని, మూడు లఘువులు గాని), పాదం మొదటి అక్షరం ‘పు’కూ నాలుగవ గణం మొదటి అక్షరం ‘పూ’కూ యతి కుదిరే ఉన్నది కనుక కొత్తవారు కూడా నిశ్శంకగా ప్రయత్నించవచ్చు. నియమం ఒక్కటే. కలలో కనిపించిందనీ, ఇంద్రజాలమనీ, ఎవరో పిచ్చివాడు అన్నాడనీ చెప్పి తప్పించుకొనే పూరణలను ఈసారి స్వీకరించబోము. ఇంటి ముంగిటనో, పొలం గట్టుననో, పని చేసే చోటనో మీరు కంటితో చూచినదానితోనే విరోధం పరిహారం కావాలి. అవధాన వేదిక మీద క్షణాలలో చెప్పవలసినవారికి పదాల విరుపుతో గట్టెక్కే హక్కు ఉన్నది గాని, వారం రోజుల తీరిక ఉన్నవారికి ఆ సాకు చెల్లదని నా అభిప్రాయం.

తొలకరి

తెల్లవారుజాము తిన్నగా ముంగిట
చుక్క చుక్క కలిపి సుదతి గీయ
బియ్యపిండి రేఖ పెనవేసికొని సాగి
పువ్వు లేని తీవె పూచెఁ గనుఁడు

నిర్వాహకుడు

తొలకరి గారూ, మొదటి పూరణ మీదే అయినందుకు అభినందనలు. ఛందస్సులో దోషం లేదు, ముగ్గులోనే చిన్న చిక్కున్నది. చుక్కలను గీతలతో కలిపే ముగ్గు వేరు, చుక్కను తాకకుండా దాని చుట్టూ గీతను తిప్పుకొంటూ పోయే మెలికల ముగ్గు వేరు. మొదటిదానిలో నక్షత్రాలూ తామరలూ వస్తాయి. తీవెలాగా పెనవేసుకొనేది రెండవదే. మీరు రెండవ పాదంలో మొదటి ముగ్గు వేయించి మూడవ పాదంలో రెండవ ముగ్గు చూపించారు. పైగా “సుదతి” యతి కోసం వచ్చి కూర్చున్నదే తప్ప, ఆమె పలువరుసతో ఇక్కడ మనకు పని లేదు. “చుక్క చుక్కఁ జేయి చుట్టి రాఁగ” అంటే ముగ్గు సరిపడుతుంది, చేతి కదలిక కూడా కనబడుతుంది.

కొత్తపెన్ను

గురువు గారూ, నమస్కారం. తొలకరి గారి ముగ్గు చూచిన తరువాత, బియ్యపిండి కోసం వచ్చిన చీమలే ఆ తీవెకు పువ్వులని చెప్పాలనిపించింది. మూడవ పాదం “ముగ్గు మీద చీమలు వచ్చి ముసిరినంత” అని వ్రాశాను. చదువుతుంటే నడక ఎక్కడో తడబడుతున్నది గాని ఎక్కడో తెలియడం లేదు.

నిర్వాహకుడు

నాయనా, తడబాటు మీ చెవికి తెలిసింది గనుక సగం పని అయినట్లే. ముగ్గు, మీద, చీమ అనే మూడూ సూర్యగణాలుగా సరిపోయాయి. ఒకటవ, మూడవ పాదాలలో ఆ తరువాత రెండు ఇంద్రగణాలు రావాలి; మొదటి ఇంద్రగణం ఉండవలసిన చోట “లు వచ్చి” అని లఘువు, గురువు, లఘువు వచ్చాయి. అది జగణం, దానికి ఇంద్రగణాలలో చోటు లేదు. యతిస్థానంలో “ము” ఉండవలసింది పోయి “లు” వచ్చింది. “ముగ్గు మీద చీమ ముసిరి తిరుగుచుండ” అని చూడండి. ఊహ మాత్రం చాలా బాగున్నది. ఈ రోజుల్లో చాలా ముంగిళ్లలో రాతిపిండి ముగ్గులే కనుక, చీమల కోసమైనా మొదటి రెండు పాదాలలో బియ్యపిండిని తప్పక చెప్పండి.

ఏటిగట్టు

గడ్డిపోచ తెచ్చి కట్టె గూ డొక పక్షి
తాటిమట్ట చివర తల్లి యగుచు
పసుపు పచ్చ తలను వంచి చూచిన వేళ
పువ్వు లేని తీవె పూచెఁ గనుఁడు

గిజిగాని గూడును దృష్టిలో పెట్టుకొని వ్రాశాను. వ్రేలాడే గూడు తీవె, తొంగి చూచిన తల పువ్వు.

వేపనీడ

ఏటిగట్టు గారూ, పద్యం చదువగానే మా చెరువు గట్టు కళ్ల ముందు నిలిచింది. అయితే గూడు అల్లేది పోతు పిట్ట. వానలు మొదలైన తరువాత అది వరి ఆకునూ గడ్డినీ తాటాకునూ సన్నని పోగులుగా చీల్చుకొని వచ్చి, ముక్కుతో ముడి మీద ముడి వేస్తూ, గూడు టోపీ ఆకారానికి రాగానే పని ఆపి, రెక్కలు కొట్టుకొంటూ పెంటిని పిలుస్తుంది. పెంటి వచ్చి లోపల చూచి ఒప్పుకొన్న తరువాతనే మిగిలిన గదీ, గొట్టం వంటి దారీ పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే గాలికి ఊగుతూ ఉండిపోతుంది. మీరు చెప్పిన పసుపుపచ్చ తల కూడా ఆ ఋతువులో పోతుకు వచ్చేదే. కనుక పక్షిని తల్లిని చేసి, తలకు మాత్రం తండ్రి రంగు పూశారు. “తాటిమట్ట చివర తండ్రి యగుచు” అంటే గణమూ చెడదు, యతీ చెడదు.

ఏటిగట్టు

కృతజ్ఞతలండీ, మార్చుకొంటాను. పెంటి ఒప్పుకొనేదాకా అది తండ్రి కాదు కదా అని మా ఇంట్లో ఆక్షేపణ వచ్చింది గాని, “అగుచు” అన్న మాట మనల్ని కాపాడుతుందనుకొంటున్నాను.

పొలంగట్టు

ఊరి బయటఁ గంబ మొదిగి నిల్చిన చోట
చిలుక లైదు వచ్చి చేరి వరుస
ఇనుప తీగ మీద నెఱ్ఱ ముక్కులె మొగ్గ
పువ్వు లేని తీవె పూచెఁ గనుఁడు

నిర్వాహకుడు

కరెంటు తీగను తీవె చేసిన చమత్కారం నచ్చింది. చిలుకలు అయిదు, ముక్కులు అయిదు, మొగ్గ మాత్రం ఒకటే అయింది. “ఎఱ్ఱ ముక్కులతోడ” అంటే వచనదోషం తొలగి నాలుగవ పాదంతో అన్వయం కూడా సాఫీగా కుదురుతుంది. పొలాల మీదుగా పోయే తీగలు ఎక్కువగా అల్యూమినియంవనీ, కొన్నింటి నడుమ మాత్రమే ఉక్కుతీగ ఉంటుందనీ ఎవరైనా అనవచ్చు. “అల్యూమినియం” ఆటవెలదికి లొంగదు కనుక నేను అడ్డు చెప్పను.

పద్యప్రియ

పెరటి పందిరెక్కి పెరిగె సన్నని జాజి
చినుకు తాకినంత చిగురు తొడిగి
తావి నింపె నంత దారిలో, నిది మల్లె
పువ్వు లేని తీవె, పూచెఁ గనుఁడు

నిర్వాహకుడు

మూడవ పాదం చివర “మల్లె” ఉంచి, సమస్యలోని “పువ్వు”ను దానితో కలిపి, జాజితీవెకు మల్లెపువ్వు ఉండదు గదా అని విరోధాన్ని ఊదివేశారు. అవధానంలో అయితే సభ చప్పట్లు కొట్టే పూరణ. ఇక్కడ నాకు అసంతృప్తి ఎందుకంటే, జాజి పూయడంలో వింత ఏమీ లేదు; వింతంతా విరుపులోనే ఉన్నది. తావి దారిలోకి నిండిన మూడవ పాదం మాత్రం పద్యంలో నిజంగా చూచి వ్రాసిన పాదం.

స్వర్ణముఖి

పటికనీటఁ గలము పరువెత్తి పోవంగ
కరక పాల గుడ్డఁ గానరావు
విరులు, మరుగునీట వేసి తీసిన యంత
పువ్వు లేని తీవె పూచెఁ గనుఁడు

మాది శ్రీకాళహస్తి. చిన్ననాటి నుండి కలంకారీ పని చూస్తూ పెరిగాను.

నిర్వాహకుడు

స్వర్ణముఖి గారూ, ఈ వారపు పూరణలలో నా మనస్సు ఇక్కడ నిలిచింది. ఈ పని తెలియనివారి కోసం కొంత వివరించవలసి ఉన్నది. గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని జిడ్డు వలన గీత పాకకుండా నిలుస్తుంది. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన కసిమితో వెదురు కలం పట్టి తీవెనూ ఆకుల అంచులనూ గీస్తే, కరక్కాయలోని వగరు తగిలి అవి నల్లగా తేలుతాయి. ఎఱ్ఱగా రావలసిన పువ్వులలో పటికనీరు నింపుతారు. అక్కడ రంగు కనబడదు, తడి ఆరితే నింపిన జాడ కూడా సరిగా తెలియదు. మంజిష్ఠ, చిరివేరు వంటి వేళ్లు వేసి మరిగించిన నీటిలో ఆ గుడ్డను ఉడికించినప్పుడు, పటిక తగిలిన చోట్ల మాత్రమే ఎరుపు పట్టుకొంటుంది. అంటే గుడ్డ కాగులో పడే ముందు దాని మీద ఉన్నది అక్షరాలా పువ్వు లేని తీవె. జాజి పూరణ తప్ప తక్కిన వాటిలో పువ్వు ఉపమానం, ఇందులో ఉపమానమే లేదు. “కానరావు” అని పాదాన్ని ఆపి, “విరులు” అన్న మాటను తరువాతి పాదానికి జరపడం వలన పాఠకుడు కూడా ఆ జాప్యాన్ని అనుభవిస్తాడు.

వేపనీడ

మరుగునీట వేసినంతనే ఎరుపు రాదు కదండీ, అందులో వేరు ఉండాలి. “విరులు, రంగునీట” అంటే గణం సరిపోతుంది.

తొలకరి

అప్పుడు మరగడం పోతుంది, చన్నీటిలో ముంచినట్లు అవుతుంది. “విరులు, రంగు మరుగ వేసి తీసిన యంత” అంటే రంగూ ఉంటుంది, మరుగుడూ ఉంటుంది. యతి వి–వేలకే ఉన్నది.

స్వర్ణముఖి

తొలకరి గారి సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. పసుపు పూల మీద కూడా ఒక పూరణ వ్రాయమని మా అత్తయ్య అడుగుతున్నారు గాని, పసుపును కరకపువ్వు కషాయంతో కలం పట్టి నింపుతారు, దానిని ఉడికించే పని లేదు. పువ్వు నుండే తీసిన రంగుతో నింపిన తీవెను “పువ్వు లేని తీవె” అంటే ఆమెయే ఒప్పుకోరు.